నీళ్ళ విరేచనాలవుతుంటే నీళ్ళు తాగనివ్వరేమిటి? (పరీక్షలో కలరా అని తేలింది)

నాగావళి_గట్టు
మా అత్తగారి ఊళ్ళో కొన్నాళ్ళుగా వాంతులు, విరేచనాలు. మా వీధిలో చాలా ఇళ్ళలో మంచం పట్టారు. మా మామగారికి మొన్న శనివారం తెల్లవారుజామున మొదలైంది. పొద్దెక్కేసరికి కళ్ళు లోపలికి పోయాయి, గొంతు పీలగా అయిపోయింది, పిక్కలు పట్టేస్తున్నాయని అరిచారు. దాహం దాహం అంటుంటే మా అత్తగారూ పక్కింటి పెద్దావిడా కలిసి చేతిలోని గ్లాసు లాక్కున్నారు. "తాగినంతా బయటికే పోతుంది, కడుపు ఎండగడితే అదే కడుతుంది" అని వాళ్ళ వాదన. ఊరి ఆర్‌ఎంపీ వచ్చి ఒక సెలైను సీసా ఎక్కించి, విరేచనాలు కట్టడానికని మాత్రలిచ్చి వెళ్ళాడు. చివరికి 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇప్పుడు లేచి కూర్చుని ఇడ్లీ బాగాలేదని సణుగుతున్నారు, అంటే కోలుకున్నట్టే. మలం పరీక్షలో కలరా అని వచ్చింది.

ఈ రోజుల్లో కలరా ఏమిటి? అదీ మేము క్యాను నీళ్ళు కొనుక్కుని తాగే ఇల్లు! ఇంకో సంగతి, నీళ్ళు ఇవ్వాలా వద్దా? ఇంట్లో ఇంకెవరికైనా వస్తే మళ్ళీ ఇదే యుద్ధం. మా అత్తగారికి చదివి వినిపించడానికి ఎవరైనా గట్టిగా రాయండి.

కడప_నర్సు
ఇవ్వాలి. అడిగినా ఇవ్వాలి, అడగకపోయినా ఇవ్వాలి. ఓఆర్‌ఎస్ కలిపి ఇవ్వాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టాలి. మిగతాది డ్యూటీ అయ్యాక రాస్తాను.

అనుమానాల_అప్పారావు
అత్తగారి మాట పూర్తిగా కొట్టేయకండి. మా నాన్నగారికి పెళ్ళి భోజనం పడక విరేచనాలైతే ఒక పూట ఏమీ ముట్టకుండా ఉండి బాగుపడ్డారు. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. పోసింది పోసినట్టే పోతుంటే మళ్ళీ పోయడం ఎందుకు?

పాత_స్టెతస్కోపు
అప్పారావు గారూ, లంఖణం తిండికి. నీటికి కాదు. పైగా మీ నాన్నగారిది అజీర్తి, ఇక్కడ వచ్చింది కలరా.

అసలు కిటుకు ఇక్కడుంది. బయటికి పోతున్నవి తాగిన నీళ్ళు కావు. ఒంట్లోని నీళ్ళు, రక్తంలోంచి వస్తున్న నీళ్ళు. విబ్రియో కలరే అనే ఈ క్రిమి పేగును కొరకదు, రక్తంలోకి దిగదు. అందుకే చాలామందికి జ్వరం ఉండదు, మలంలో రక్తం పడదు, కడుపులో పెద్ద నొప్పి కూడా ఉండదు. చిన్నపేగు గోడకు అంటుకుని కూర్చుని ఒక విషం వదులుతుంది, అంతే. ఆ విషం పేగు కణాల లోపలికి వెళ్ళి ఉప్పును బయటికి తోసే ద్వారాన్ని మూతపడకుండా పట్టి ఉంచుతుంది. ఉప్పు వెంట నీరు. తీవ్రంగా వచ్చిన పెద్దవాళ్ళలో గంటకు లీటరు దాకా పోవచ్చు. మలం రంగు, వాసన పోయి బియ్యం కడిగిన నీళ్ళలా వస్తుంది. మీరు చుక్క నీరు ఇవ్వకపోయినా అది ఆగదు. మీరు కడుపు ఎండగడుతున్నామనుకుంటారు, ఎండిపోయేది మనిషి.

నీరు తగ్గేకొద్దీ రక్తం చిక్కబడుతుంది, నాడి అందదు, మూత్రం ఆగిపోతుంది. చేతివేళ్ళ చర్మం గంటలకొద్దీ నీళ్ళలో నానినట్టు ముడతలు పడుతుంది. పిక్కలు పట్టేయడం లవణాలు పోవడం వల్ల. ఏ చికిత్సా లేకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా కొన్ని గంటల్లో పోవచ్చు. సమయానికి నీరు, లవణాలు అందితే నూటికి ఒకరు కూడా చనిపోనవసరం లేదు. ఇంత తేడా ఉన్న జబ్బులు వైద్యంలో చాలా తక్కువ.

వేపచెట్టు_నీడ
మరి తాగిన నీరు లోపలికి ఇంకుతుందా? పేగు పాడైపోయింది కదా?

పాత_స్టెతస్కోపు
మంచి ప్రశ్న. పేగు పాడవలేదు. నీరు బయటికి వచ్చే దారి తెరుచుకుంది కానీ లోపలికి వెళ్ళే ఒక దారిని ఆ విషం ముట్టుకోలేదు. ఆ దారిలో ఉప్పు, గ్లూకోజు జంటగా వస్తేనే ప్రవేశం. రెండూ కలిసి వెళ్ళేటప్పుడు నీటిని వెంటబెట్టుకుని వెళతాయి. ఉత్త నీళ్ళు చాలకపోవడానికి, ఉత్త ఉప్పునీళ్ళు పనిచేయకపోవడానికి, చిటికెడు ఉప్పుతో పంచదార కలిపితే మంత్రంలా పనిచేయడానికి కారణం ఇదే. ఓఆర్‌ఎస్ అంటే ఇంతకన్నా ఏమీ లేదు. విరేచనాలు వెంటనే ఆగవు, ఆ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే "తాగించాం, తగ్గలేదు" అని మానేస్తారు.

మందుల_షాపు_మూర్తి
ఆ మాట నా కౌంటరు ముందుకొచ్చి చెప్పండి డాక్టరు గారూ. "మోషన్లు ఠక్కున ఆగే మాత్ర ఇవ్వండి" అని రోజూ వస్తారు. ఓఆర్‌ఎస్ పొట్లం ఇస్తే "ఇది ఉప్పే కదా, మందివ్వండి" అంటారు. ఇరవై రూపాయల పొట్లానికి గౌరవం లేదు.

ఇంకో తలనొప్పి. డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని రాసి ఉండే తియ్యటి పండ్ల పానీయాలు. పంచదార ఎక్కువ, ఉప్పు తక్కువ. తీపి ఎక్కువైతే పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

కాకినాడ_కాజా
మా పిల్లలకు ఆ డబ్బాలంటేనే ఇష్టం. పొట్లం కలిపిస్తే సముద్రం నీళ్ళంటారు.

మందుల_షాపు_మూర్తి
సముద్రం నీళ్ళలా ఉందంటే మీరు లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపి ఉంటారు. అది ప్రమాదం కూడా. సరిగ్గా కలిపితే కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదు. పెద్ద పొట్లం ఒక లీటరుకు, చిన్నది 200 మి.లీ.కి. వెనక రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

కడప_నర్సు
డ్యూటీ అయింది. ఆ ఒక్క సెలైను సీసా గురించి చెప్పాలి.

నాడి అందని స్థితిలో వచ్చిన మనిషికి కిలో బరువుకు 100 మి.లీ. చొప్పున ఎక్కించాలి. 60 కిలోల మనిషికి ఆరు లీటర్లు, అంటే అర లీటరు సీసాలు పన్నెండు. అదీ తీరిగ్గా కాదు, మూడు గంటల్లో. అందులో మొదటి 1.8 లీటర్లు అరగంటలోనే పోవాలి. రెండు చేతులకూ సూదులు పెట్టి పరుగెత్తిస్తాం. రింగర్ లాక్టేట్ అనే లవణాల సెలైను వాడతాం, ఒట్టి గ్లూకోజు సీసా దీనికి పనికిరాదు. ఏడాదిలోపు పిల్లలకు ఇదే లెక్క ఆరు గంటల్లో, నెమ్మదిగా. ఇప్పుడు చెప్పండి, ఆర్‌ఎంపీ పెట్టిన ఒక సీసా ఏ మూలకు?

అలాగని అందరికీ సీసాలు అక్కర్లేదు. చాలామందికి నోటి ద్వారానే సరిపోతుంది. కళ్ళు కాస్త గుంటలు పడి, దాహంతో గటగటా తాగుతున్న మనిషికి మొదటి నాలుగు గంటల్లో కిలోకు 75 మి.లీ. లెక్కన ఓఆర్‌ఎస్. తర్వాత ప్రతి విరేచనానికీ పోయినంత తాగించడమే. మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే వెనక్కి వెళ్ళకపోయినా, మూత్రం రాకపోయినా ఇంట్లో ఉంచకండి. దారిలో కూడా మింగగలిగితే తాగిస్తూనే తీసుకురండి. పిల్లలకు చనుబాలు ఆపకూడదు, జింకు మాత్రలు ఇవ్వాలి.

మూర్తి గారూ, విరేచనాలు కట్టే మాత్రలు మీ షాపులో అడిగినా ఇవ్వకండి దీనికి. కట్టినట్టు కనిపిస్తుంది, నీరు పేగులోనే నిలిచి ఉంటుంది. పొట్ట ఉబ్బుతుంది.

అనుమానాల_అప్పారావు
అన్నీ నీళ్ళేనా? క్రిమిని చంపే మందు లేదా? యాంటీబయాటిక్ లేకుండా వైద్యం ఏమిటి?

పాత_స్టెతస్కోపు
ఉంది. ఎక్కువగా నీరసించిన వాళ్ళకు డాక్సీసైక్లిన్ ఒక్క మోతాదు, లేదా అజిత్రోమైసిన్. విరేచనాల పరిమాణం, రోజులు తగ్గుతాయి, క్రిమి బయటికి పోవడం కూడా తగ్గుతుంది. కానీ అది రెండో వరుస. నీళ్ళు లేకుండా ఆ మాత్ర మాత్రమే మింగిన మనిషి బతకడం కష్టం. మాత్ర లేకుండా నీళ్ళు తాగిన మనిషి బతుకుతాడు. ఊరందరికీ ముందు జాగ్రత్తగా పంచడం మాత్రం వద్దు, మందుకు లొంగని క్రిములు తయారవుతాయి.

పాలకొల్లు_పంతులు
డాక్సీసైక్లిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మా పశ్చిమ గోదావరి వాడిగా ఒక మాట చెప్పుకోకపోతే నిద్రపట్టదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అది వెలువడినప్పుడు అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

కాకినాడ_కాజా
పంతులు గారు ఏ చర్చలోనైనా భీమవరం తీసుకొస్తారని నేను ముందే పందెం కట్టాను. గెలిచాను.

పద్మా_తీరం
ఉద్యోగరీత్యా ఢాకాలో ఉన్నాను కొంతకాలం. మహాఖాలీలో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది, ఊళ్ళో అందరూ దాన్ని కలరా ఆసుపత్రి అనే పిలుస్తారు. మా ఫ్యాక్టరీ కుర్రాడిని తీసుకెళితే చూశాను. మంచాలకు మధ్యలో రంధ్రం, కింద బక్కెట్టు. మొదట వింతగా అనిపించింది. తర్వాత అర్థమైంది, బక్కెట్టులో ఎంత పడిందో చూసి అంత తిరిగి ఎక్కిస్తారు, తాగిస్తారు. నర్సులు కేకలు వేయరు, కంగారు పడరు. పక్కన తల్లులు కప్పుతో, చెంచాతో పోస్తూ కూర్చుంటారు. మా వాడు భుజం మీద వచ్చాడు, నడిచి వెళ్ళాడు.

తుంగభద్ర
ఈ నీళ్ళ వైద్యం కూడా ఆ ప్రాంతంలోనే రుజువైంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా. ఆసుపత్రి నేల మీద, మలం, వాంతుల మధ్య రోగులు. సెలైను అయిపోయింది. దిలీప్ మహలనబిస్ అనే బెంగాలీ డాక్టరు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, కుళాయిలు బిగించి, బంధువుల చేతనే తాగించాడు. అప్పటిదాకా దానికి అధికారిక ఆమోదం లేదు. చాలామంది డాక్టర్లు నమ్మలేదు కూడా, సూదితో ఎక్కించాల్సిన దాన్ని గ్లాసుతో తాగిస్తారా అని. అక్కడ నూటికి 30 వరకు ఉన్న మరణాలు 3.6కి పడిపోయాయి. ఆయన 2022లో చనిపోయారు. పద్మవిభూషణ్ 2023లో ఇచ్చారు, అంటే పోయాక. ఈ దేశంలో డాక్టరు బతికుండగా గౌరవం దక్కాలంటే ఏం చేయాలో తెలియదు.

ఎంఎస్సీ_మానస
గౌరవం దక్కని జాబితాలో ముందు పేరు శంభునాథ్ డే. పైన డాక్టరు గారు చెప్పిన విషాన్ని 1959లో కలకత్తాలో నిరూపించింది ఆయనే. అంతకుముందు కలరా విషం రక్తంలో కలిసి ఒళ్ళంతా చెడగొడుతుందనే ఊహతో డెబ్బై అయిదేళ్ళు వృథా అయ్యాయి. ఆయన కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు వైపులా కట్టి, అందులో క్రిములు పోసి, ఆ ముక్క నీటితో ఉబ్బడం చూపించాడు. తర్వాత క్రిములు తీసేసి వడగట్టిన ద్రవంతోనూ అదే జరిగింది. అమెరికా శాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు సూచించాడు. రాలేదు. మా పాఠ్యపుస్తకంలో కలరా క్రిమిని వేరుచేసిన రాబర్ట్ కాఖ్‌కు ఒక పేజీ, డేకు ఒక వాక్యం.

అనుమానాల_అప్పారావు
కలరా అంటే జాన్ స్నో కదా అందరూ చెప్పేది? లండన్, చేతిపంపు.

ఎంఎస్సీ_మానస
ఆయనది దారి, డేది విషం. 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చావులు లెక్కగట్టి, నీటి ద్వారానే అని వాదించాడు, పంపు పిడి తీయించాడు. అప్పటికి చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవాళ్ళు. విరేచనాలు పట్టుకున్న ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు పక్కనున్న మలగుంటలో పోయడం, అది బావిలోకి ఊరడం తర్వాత బయటపడింది. ఆ వీధిలోని బీరు బట్టీ పనివాళ్ళు మాత్రం నీళ్ళ బదులు బీరు తాగేవాళ్ళట, వాళ్ళకు రాలేదు.

కాకినాడ_కాజా
ఇంత చర్చలో మా బావకు పనికొచ్చే వాక్యం ఇదొక్కటే. దయచేసి ఎవరూ ఆయనకు పంపకండి.

క్లోరిన్_కృష్ణ
నీటి సరఫరాలో పనిచేసినవాడిని, నాగావళి గారి "క్యాను నీళ్ళు తాగుతాం" అనే మాటకు జవాబు చెబుతాను. గిన్నెలు దేనితో కడుగుతారు? పళ్ళు దేనితో తోముకుంటారు? కొత్తిమీర, మజ్జిగలో వేసే నీళ్ళు, బండి మీద చెరకు రసంలో ఐసు? ఇంకోటి, క్రిమి సోకిన వాళ్ళలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, కానీ కొన్ని రోజులపాటు మలంలో క్రిమి పోతూ ఉంటుంది. ఆ చేతులతో వడ్డిస్తే చాలు.

వీధి మొత్తం ఒకేసారి పడిందంటే మాత్రం పైపు మీద అనుమానం. మన ఊళ్ళలో మంచినీటి గొట్టం మురుగు కాలువలోంచే పోతుంది. నీళ్ళు వదిలినప్పుడు ఒత్తిడి వల్ల గొట్టంలోంచి బయటికి కారుతుంది. ఆపాక గొట్టం ఖాళీ, పగులులోంచి మురుగు లోపలికి. మర్నాడు మొదటి బిందె అదే. దానికి తోడు ప్రతి ఇంటి వాడూ కుళాయికి మోటారు బిగించి లాగుతాడు. ఆ లాగుడుకు గొట్టం చుట్టూ ఉన్నదంతా లోపలికి వస్తుంది.

మూడో_అంతస్తు
మోటారు పెట్టకపోతే మాకు చుక్క రాదు. మీ శాఖ ఒత్తిడి ఇవ్వదు, మేము లాగితే నేరం. రోజు విడిచి రోజు అరగంట వదిలేవాళ్ళు మాకు నీతులు చెప్పకండి.

క్లోరిన్_కృష్ణ
మీరన్నది నిజమే, తప్పు మొదలయ్యేది అక్కడే. అయినా సంపులోకి దానంతటది పడనిచ్చి, సంపులోంచి మోటారుతో పైకి లాగండి. కుళాయి గొట్టానికి నేరుగా మాత్రం వద్దు.

ముషీరాబాద్_వాసి
2009 మే నెలలో మా హైదరాబాదు భోలక్‌పూర్‌లో జరిగింది ఇదే. మురుగు కలిసిన కుళాయి నీళ్ళు. వీధులకు వీధులు ఆసుపత్రిలో. ప్రాణాలు కూడా పోయాయి. నీళ్ళు రంగు మారాయని జనం అంటూనే ఉన్నారు. పల్లెటూరి జబ్బు అనుకునేవాళ్ళు రాజధాని నడిబొడ్డున జరిగిందని గుర్తుపెట్టుకోవాలి.

పాలకొల్లు_పంతులు
మా తాతగారి రోజుల్లో తీర్థానికి వెళ్ళాలంటే కలరా సూది వేయించుకోవాల్సిందే. చెయ్యి వాచి జ్వరం వచ్చేదట, సగంమంది సూది తప్పించుకోవడానికి పొలాలకు అడ్డంపడి వెళ్ళేవాళ్ళు. పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కులు సరేసరి. సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాల వెనక కూడా 1813 నాటి కలరా, సైన్యంలో పనిచేసిన సురిటి అప్పయ్య మొక్కు కథ చెబుతారు.

వేపచెట్టు_నీడ
ఇప్పుడు టీకా లేదా?

ఎంఎస్సీ_మానస
ఉంది, సూది కాదు, నోట్లో పోసేది. హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన శాంకాల్ చాలా దేశాలకు వెళ్ళింది, తర్వాత తయారీ ఆపేశారు. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కాల్ తెచ్చింది. ప్రపంచంలో గిరాకీకి తగ్గ టీకాలు లేక 2022 నుంచి కలరా ప్రబలిన చోట్ల రెండు మోతాదుల బదులు ఒక్కటే ఇస్తున్నారు. టీకా ఉన్నా నీళ్ళ సంగతి చూసుకోక తప్పదు. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగు మడతలు పెట్టి చెరువు నీళ్ళు వడగడితే కలరా దాదాపు సగం తగ్గింది. ఈ క్రిమి ఉప్పునీటి మడుగుల్లో కంటికి కనపడీ కనపడని నీటి పురుగులను పట్టుకుని బతుకుతుంది, ఆ పురుగులు చీర మడతల్లో ఆగిపోతాయి. కుళాయిలో కలిసిన మురుగుకు మాత్రం చీర చాలదు, మరిగించాల్సిందే.

నాగావళి_గట్టు
అన్నీ చదివి వినిపించాను. "తాగినవి కావు, ఒంట్లోవి" అన్న దగ్గర మా అత్తగారు ఒకసారి ఆగి మళ్ళీ చదవమన్నారు. గంజి ఇవ్వచ్చా అని అడుగుతున్నారు. కొబ్బరి నీళ్ళు? మామగారి దుప్పట్లు ఏం చేయాలి? చెరువుకు తీసుకెళతానని పనిమనిషి బయల్దేరింది.

కడప_నర్సు
చెరువుకు వద్దు, ఆపండి! ఆ లండన్ పసిబిడ్డ గుడ్డల కథ పైనే ఉంది. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మరుగుదొడ్డిలో పోయండి. ఉతికి ఎండలో వేయండి.

ఉప్పు వేసిన పల్చటి గంజి బ్రహ్మాండం. బియ్యం పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలినదే. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగుంటుంది, ఉప్పు చాలదు. ఓఆర్‌ఎస్‌కు తోడుగా సరే, బదులుగా కాదు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన చెంచాలు ఆరు పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, గరిట కాదు. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి.

మామగారు గ్యాస్ మాత్రలు రోజూ వేసుకుంటారా? కడుపులో ఆమ్లం తగ్గితే ఈ క్రిమి సులువుగా దాటిపోతుంది. డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

నాగావళి_గట్టు
రోజూ వేసుకుంటారు! బావిలో బ్లీచింగ్ ఎంత వేయాలి? పంచాయతీ వాళ్ళు బస్తా ఇచ్చి వెళ్ళారు, లెక్క చెప్పలేదు.

క్లోరిన్_కృష్ణ
మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. బావి వ్యాసం, నీటి లోతు మీటర్లలో కొలిచి ఇక్కడ పెట్టండి, లెక్క కట్టి చెబుతాను. పొడిని నేరుగా విసరకండి. బక్కెట్టులో ముద్దచేసి, నీళ్ళు కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం బావిలో కలపాలి. గంట ఆగి తోడుకోవచ్చు. సాయంత్రం వేయడం మేలు. బస్తా మూతి కట్టి నీడలో పెట్టండి, తెరిచి ఉంచితే కొన్నాళ్ళకు ఒట్టి సున్నమే మిగులుతుంది.

నాగావళి_గట్టు
వ్యాసం రెండు మీటర్లు, నీరు మూడు మీటర్ల లోతు.

క్లోరిన్_కృష్ణ
9,400 లీటర్లు. 24 గ్రాములు. నీళ్ళు బురదగా ఉంటే ఎక్కువ పడుతుంది, అప్పుడు నీటిలో మిగిలిన క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్ తెమ్మని పంచాయతీ వాళ్ళను అడగండి. గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ చూపించాలి.